మౌసు లేని బల్ల

కిషోర్ చచ్చిపోయి పదకొండు నెలలైంది. అతని ఫైలులో మూడు పేజీలున్నాయి. మూడో పేజీ చివర చావుకు కారణం ఒకే ఒక్క వాక్యంలో రాసి ఉంది: "ఏజెంట్ అలవాటు కొద్దీ మౌస్ మీద చెయ్యి వేసి దొరికిపోయాడు."

మేఘన ఆ వాక్యం చదివిన ప్రతిసారీ ఒళ్లు మండేది. ఆరేళ్లు కలిసి పనిచేసిన మనిషి. రెండుసార్లు ఆమె ప్రాణం కాపాడిన మనిషి. అలాంటివాడి చావును ఒక ప్లాస్టిక్ ముక్క మీదకు నెట్టేసి ఫైలు మూసేశారు!

"చదివింది చాల్లే, మూసెయ్యి," అన్నాడు చీఫ్ శ్రీనివాసులు.

మదనపల్లె టమాటా మార్కెట్ వెనక, ఒక మండీ మేడమీద గది అది. కింద వేలంపాట అరుపులు, పైన దేశ రహస్యాలు. బయట బోర్డు మీద కమిషన్ ఏజెంట్ అని ఉంటుంది. ఆయన నడిపేది పేరు లేని ఒక శాఖని. అయినా ఆ రోజు టమాటా బాక్సు ధర అడిగితే తడుముకోకుండా చెప్పేవాడు. వేషమంటే అట్లుండాలని ఆయన పట్టింపు.

"మళ్లీ కుప్పమే," అన్నాడు. "త్రిసంధి స్టోన్ ఎక్స్‌పోర్ట్స్."

"ఎప్పుడు పోవాల సార్?" అంది మేఘన. ఎందుకని అడగలేదు.

"ఈసారి బెంగుళూరు ల్యాబ్ నుంచి యుద్ధవిమానం రాడార్ ఒకటి మాయమైంది. చిన్న బీరువా అంత ఉంటాది. ఎయిర్‌పోర్టులు, రైళ్లు, రోడ్లు అన్నీ కట్టడి చేసినాము. ఒక్క దారి మిగిలింది. గ్రానైట్ బ్లాకును లోపల తొలిచి, దాంట్లో రాడార్ పెట్టి, మళ్లీ రాయితోనే మూసి పాలిష్ కొడితే ఎవురికీ తెలీదు. చెన్నై పోర్టుకు లారీ, ఆణ్ణించి ఓడ. నడిపేది విక్టర్ లోమాన్. పేరుకు విదేశీ గ్రానైట్ బయ్యర్."

"పోయి పట్టుకుందాం."

"యార్డులో రెండొందల బ్లాకులుండాయి. ఏది గుల్లదో తెలీకుండా చెయ్యి పెడితే లోమాన్ నవ్వుకుంటా విమానమెక్కుతాడు. వాడు ఫ్యాక్టరీకి రానే రాడు. కర్ణాటక బార్డర్ అవతల గెస్ట్‌హౌసులో ఉంటాడు. లోడు బయల్దేరే నిమిషానికి మాత్రం కళ్లతో చూసుకునేదానికి వస్తాడు. ఆ నిమిషంలో బ్లాకు, వాడు, రెండూ దొరకాల."

"గుల్ల బ్లాకు తూకంలో దొరుకుతాది సార్. రెండున్నర టన్నులైనా తక్కువ తూగాల."

"అందుకే లారీలు తూచే వేబ్రిడ్జికి ఆపరేటర్‌గా పోతాండావు. కిషోర్ కూసున్న కుర్చీలోనే."

ఆ కుర్చీ నిజానికి మేఘనదే. చెల్లెలి పెళ్లని రెండు వారాలు సెలవు పెట్టింది. "నువ్వు పోయిరా, లడ్డూలు మాత్రం మర్చిపోవద్దు" అని ఆమె బదులు కిషోర్ వెళ్లాడు. ఆమె లడ్డూల డబ్బాతో తిరిగొచ్చేసరికి గుడుపల్లె దగ్గర నీళ్లు నిండిన పాత క్వారీలో అతని శవం తేలింది. ఆ డబ్బా ఇంకా ఆమె బీరువాలోనే ఉంది. పారేయడానికి చేతులు రాలేదు.

"లోపల మనవాళ్లెవరన్నా ఉండారా?"

"శాలిని. ఆడ ఎక్స్‌పోర్ట్ మేనేజర్. మూడేండ్లుగా మనకు సమాచారం ఇస్తాంది. ఈ రిపోర్టు రాసిందీ ఆమే. ఆడి ఆపరేటర్లకు ముందర రెండు స్క్రీన్లుంటాయంట, చేతులు మాత్రం కీబోర్డు దాటవంట. మనోడు మౌసు పట్టుకోంగానే బయటోడని లోమాన్ కనిపెట్టేసినాడంట. నీకా తప్పు జరగకూడదు. నెల రోజులు ట్రైనింగ్. వాళ్లకు రాయి తొలిచి మూసేదానికీ అంత టైము పడతాది."

"ఎవరి దగ్గర?"

చీఫ్ కిటికీలోంచి కింద టమాటా బాక్సుల వైపు చూశాడు. "కిషోర్ వాళ్లమ్మ దగ్గర," అన్నాడు.

*

శాంతకుమారి నీరుగట్టువారిపల్లెలో ముప్పై ఏళ్లుగా టైపు ఇన్‌స్టిట్యూట్ నడుపుతోంది. టైపు మిషన్లు పోయి కంప్యూటర్లు వచ్చాయి. చేతిలో చెక్క స్కేలు మాత్రం మారలేదు. కొడుకు పోయిన పదమూడోనాడు ఆమె ఇన్‌స్టిట్యూట్‌లోని మౌసులన్నీ పీకి, ఇనుప ట్రంకుపెట్టెలో వేసి తాళం పెట్టింది. ఇష్టమున్న పిల్లలు ఉన్నారు, లేనివాళ్లు పోయారు.

"ఊరందరికీ నేర్పినా పాపా," అంది మొదటిరోజే. "నా కొడుక్కి నేర్పలా. మౌసుండంగా ఇదంతా యాలమ్మా అని నవ్వేటోడు. సరేలే అని ఇడిసిపెట్టినా. ఒక్క వారం ఈడ కూసోబెట్టింటే బతికుండేవాడు. నేనే సంపుకున్నా వాణ్ణి."

"అట్లనొద్దమ్మా. నేను సెలవు పెట్టకపోయుంటే..."

"నీ ఏడుపు నువ్వేడ్చుకో, నా ఏడుపు నాది. ముందు చేతులు పైన పెట్టు."

ఒక కంప్యూటరు, దానికి రెండు స్క్రీన్లు. మేఘన చెయ్యి అలవాటుగా కుడిపక్క ఖాళీ జాగాకు పోయిన ప్రతిసారీ వేళ్ల కణుపుల మీద స్కేలు టప్పున పడేది. దేశం కోసం రెండు తూటా గాయాలు తిన్న ఏజెంట్ ఆ స్కేలుకు జడిసింది.

"రెండు స్క్రీన్ల మధ్య గోడుందనుకోవద్దు. విండోస్ కీ, షిఫ్టు, కుడి బాణం. సూడు, విండో ఆ స్క్రీన్ మీదికి పోయింది. ఎడమ బాణం కొట్టు, తిరిగొచ్చింది. పట్టుకోని ఈడ్చే పనే లేదు. ఆల్టూ ట్యాబూ కొడితే ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి. కంట్రోలూ ప్లస్సూ కొడితే అక్షరాలు గుమ్మడికాయలంత అవుతాయి."

పదిరోజులకు చూడకుండా కొట్టింది. ఇరవై రోజులకు కళ్లు మూసుకుని కొట్టింది. నెలాఖరుకు చున్నీ కింద ఒక్క చేత్తోనే విండోను ఈ స్క్రీను నుంచి ఆ స్క్రీనుకు పంపింది. శాంతకుమారి మెచ్చుకోలేదు. ఇంకో పాఠం చెప్పింది.

"విండోస్, వీ. ఒకసారి ఆన్ చేసి పెట్టుకుంటే సాలు. ఆ మిషన్ మీద ఎవురేం కాపీ కొట్టినా, ఏం కట్ చేసినా వరసగా దాచిపెడతాది. వాళ్లు చెరిపేసి పోయినా ఇది మర్చిపోదు. దీన్ని ఎవురూ పట్టించుకోరు."

బయల్దేరే రోజు చీఫ్ చొక్కా గుండీలో కెమెరా, పెన్నులో రికార్డరు ఇస్తానన్నాడు. మేఘన వద్దంది. ఆ గేటు దగ్గర ఫోనుతో మొదలుపెట్టి తలపిన్ను దాకా అన్నీ తీసేసుకుంటారు. తీసేసుకోలేనివి పది వేళ్లే.

శాంతకుమారి వాకిట్లో ఆమె చెయ్యి పట్టుకుంది. "నా కొడుకును సంపినోణ్ణి సంపొద్దు పాపా. పానంతో తెచ్చి నా ముందర కూసోబెట్టు. మౌసు ముట్టుకున్నందుకు మనిషిని సంపుతార్రా అని అడగాల. అంతే. ఆ తరవాత చట్టం ఏం చేసుకుంటాదో దానిష్టం."

"మీ ముందర కూసోబెడతానమ్మా," అంది మేఘన. ఆ మాట ఇచ్చేటప్పుడు కూడా ఆమె చంపాలనే అనుకుంటోంది.

*

పుంగనూరు బస్టాండు ఎదురుగా బేకరీ. ఇప్పుడు మేఘన పేరు భవ్య. ఊరు చౌడేపల్లె. ఇంట్లో రెండు పొట్టి ఆవులు, చేతిలో కంప్యూటర్ డిప్లొమా, కాళ్లకు ఒక పక్క అరిగిన చెప్పులు.

శాలిని కారు దిగింది. నెమలికంఠం రంగు చీర, నల్ల కళ్లద్దాలు, గులాబీ రంగు గోళ్లు. టీ మాస్టర్ ఆమెను చూస్తూ కడిగిన గ్లాసునే మళ్లీ కడిగాడు.

"మీ పొట్టి ఆవు ఎన్ని లీటర్లు ఇస్తుంది?" అంది కూర్చుంటూ.

"అడిగేవాళ్లను బట్టి ఇస్తాది మేడం."

కోడ్ సరిపోయింది. శాలిని కళ్లద్దాలు తీసింది. కళ్లు తడిగా ఉన్నాయి.

"కిషోర్ నాకు తమ్ముడిలాంటివాడు. నా కళ్లముందే జరిగింది. ఆ మౌస్ మీద అతని చెయ్యి పడిన క్షణం ఇప్పటికీ కల్లోకి వస్తుంది. అరిచి చెబుదామనుకున్నాను, నోరు పెగల్లేదు. నువ్వు జాగ్రత్త. నేను లోపల ఉన్నాను, భయపడకు."

ఆమె మేఘన భుజం మీద చెయ్యి వేసింది. మేఘనకు కూడా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆ తర్వాత ఆ కన్నీళ్లను తలుచుకుని తనను తాను చాలా తిట్టుకుంది.

మర్నాడు పొద్దున ఎనిమిదికి కుప్పం. ఫ్యాక్టరీ గేటు దగ్గర ఫోను, సంచి, వాచీ అన్నీ డబ్బాలో వేయించుకున్నారు. లోమాన్ ఎవర్నీ నమ్మడు. శాలినికి హ్యాండ్‌బ్యాగ్ మాత్రం వదిలారు, ఆమె ఫోను కూడా ఆ డబ్బాలోనే పడింది.

వేబ్రిడ్జి గది అగ్గిపెట్టె అంత ఉంది. రంపాల మోతకు గోడలు అదురుతున్నాయి. అన్నిటి మీదా తెల్లటి రాతిపొడి. ఒక స్క్రీను ఆపరేటరుకు ఎదురుగా ఉంది. రెండోది కిటికీ అద్దానికి ఆనించి బయటికి తిప్పి పెట్టారు, లారీవాళ్లు తమ తూకం తామే చూసుకోవడానికి. గ్రానైట్ లారీలే కాదు, అటు పోయే కూరగాయల లారీలు కూడా అక్కడే తూకం వేయించుకుంటాయి. దూరంగా, పై అంతస్తులో, శాలిని ఏసీ కేబిన్. అక్కణ్నుంచి అద్దంలోంచి ఆపరేటరు చేతులు కనిపిస్తాయి.

మేఘన బల్ల ముందు కూర్చుంది. కుడిపక్క చూసింది. ఎడమపక్క చూసింది. కీబోర్డు ఎత్తి చూసింది. వంగి బల్ల కింద చూసింది.

బ్లాకుల కొలతలు రాసే మునిరత్నం చీటీలు పట్టుకుని లోపలికొచ్చాడు. యాభై దాటిన మనిషి, కనుబొమల మీద కూడా రాతిపొడే.

"మౌసు యాడప్పా?" అంది.

మునిరత్నం పెద్దగా నవ్వాడు. "మౌసా! నేను ఈడ చేరి నాలుగేండ్లాయమ్మా, ఒక్కటీ సూడలా. రాతిపొడికి నెలకొకటి పోతాంటే ఓనరు ఇసుక్కోని వైరుతో సహా పీకి పారేసినాడంట. ఈడ ఎవురొచ్చినా కీబోర్డే. నీకు ముందర ఒక పిల్లోడుండె, పాపం, అన్నం నాతోనే తినేటోడు. మొదటిరోజు తడబడినాడు, వారానికి బాగా కొట్టేటోడు. క్వారీలో ఈతకు పోయి..."

అతను ఇంకా ఏదో చెబుతున్నాడు. మేఘనకు వినపడలేదు.

నాలుగేళ్లుగా ఈ బల్ల మీద మౌసు లేదు. కిషోర్ చచ్చిపోయి పదకొండు నెలలు. మరి లేని మౌసు మీద చెయ్యి ఎట్లా వేశాడు? శాలిని కళ్లతో చూశానంటుందే, కల్లోకి వస్తోందంటుందే! పైనుంచి చేతులు కీబోర్డు మీద ఆడటం చూసి, పక్కన మౌసు ఉండే ఉంటుందనుకుని రాసేసింది. ఏసీ గదిలో కూర్చునేదానికి మౌసు లేని బల్ల ఒకటి ఉంటుందని తోచలేదు. ఒక్కసారైనా మెట్లు దిగి వచ్చి చూసిన పాపాన పోలేదు.

ఎంత పని చేసింది! కొడుకును చంపింది చాలక, ఆ తల్లి తనే చంపుకున్నానని పదకొండు నెలలు కుళ్లి కుళ్లి ఏడ్చేలా చేసింది. మేఘన పిడికిళ్లు బిగుసుకున్నాయి. మెల్లగా విప్పి, విండోస్, వీ నొక్కింది. ఆన్ చేయమంటారా అని అడిగింది స్క్రీను. ఎంటర్ కొట్టింది.

సాయంత్రం అద్దెగదికి పోయి చీఫ్‌కు ఫోను చేసింది. మౌసు సంగతంతా చెప్పింది.

"మూడేండ్లు నమ్మినా గదమ్మా దాన్ని," అన్నాడు చీఫ్. "అయినా మౌసు లేదన్న ముక్కతో కోర్టులో నిలబడలేము. దాని నోటి మాటో చేతి రాతో కావాల."

"రాయిస్తా సార్. మీరు రేపట్నుంచి టమాటా లోడుతో వచ్చి తూకం లైన్లో నిలబడండి. ఫోనుండదు. బయటి స్క్రీను చూస్తాండండి. నేను చెప్పేదేముండినా దాంట్లోనే చెప్తా."

*

ఆరోరోజు సాయంత్రం శాలిని గుసగుసగా చెప్పింది. "రేపటి లోడు మామూలుదే భవ్యా. అసలు బ్లాక్ ఎల్లుండి వెళ్తుంది. రేపు ఎంత తూగినా నేను చెప్పిన అంకె కొట్టి పంపించెయ్. చీఫ్‌కి కూడా ఎల్లుండి రమ్మను."

"సరే మేడం," అంది మేఘన. అంటే అసలుది రేపే. తనను ఇన్నాళ్లు ఇక్కడ బతకనిచ్చింది ఎందుకో కూడా అర్థమైంది. శాఖ మనిషి కుర్చీలో ఉంటే శాఖ నిశ్చింతగా ఉంటుంది. శాఖ మనిషి చేతులతోనే గుల్ల బ్లాకు గేటు దాటుతుంది. కిషోర్ ఆ అంకె కొట్టి ఉండడు.

మర్నాడు పొద్దున మేఘన ఒకే ఒక్క పని చేసింది. వేబ్రిడ్జి బల్ల కిందే ఆఫీసు మొత్తానికి నెట్ పంచే పెట్టె ఉంది. దాంట్లోంచి పై కేబిన్‌కు పోయే వైరు పీకేసింది.

పదిన్నరకు శాలిని చీర కుచ్చెళ్లు ఎత్తిపట్టుకుని, రాతిపొడి అంటకుండా అడుగులేస్తూ లోపలికొచ్చింది.

"నా కేబిన్‌లో నెట్ లేదు. లే, ఒక్క రెండు నిమిషాలు."

కుర్చీలో కూర్చుంది. గులాబీ గోళ్ల కుడిచెయ్యి బల్ల మీద పాకింది. ఖాళీ జాగాలో తడిమింది. చేతికి పొడి తప్ప ఏమీ తగల్లేదు.

"మౌస్ ఎక్కడ?" అంది విసుగ్గా.

మేఘన పళ్లు బిగపట్టింది. ఆ మాట కోసమే ఆరు రోజులు కాచుకుని ఉంది. దొరికినావే తల్లీ అనుకుంది.

"ఎవర్నన్నా అడిగి తెస్తా మేడం," అంది అమాయకంగా.

"వద్దులే." శాలిని హ్యాండ్‌బ్యాగ్ లోంచి తన గులాబీ రంగు వైర్‌లెస్ మౌసు తీసింది. ఆ తొందరలో తన రిపోర్టు ఆమెకు గుర్తుకు రాలేదు. రోజూ అబద్ధాలాడేవాళ్లకు పాతవి గుర్తుండవు. "నువ్వు యార్డులోకి పోయి ఇవాళ్టి లోడు కొలతల చీటీ తీసుకురా."

మేఘన యార్డులో బ్లాకుల వెనక నిలబడి మూడొందలు లెక్కపెట్టింది. తిరిగొచ్చేసరికి శాలిని లేదు, గులాబీ మౌసు లేదు. స్క్రీను అద్దంలా తుడిచినట్టుంది. శాలిని తెలుగులో టైపు చేసి, కట్ చేసి, అనువాదం చేసే పేజీలో వేసి, లోమాన్ భాషలోకి మార్చి పంపింది. అన్నీ చెరిపేసి పోయింది.

విండోస్, వీ.

కట్ చేసిన తెలుగు ముక్క అలాగే కూర్చుని ఉంది.

"బ్లాక్ 27 ఎక్కించాం. పదకొండున్నరకు రండి. తూకం దగ్గరున్నది వాళ్ల మనిషే, తలాడిస్తోంది. లారీ దాటాక కిషోర్‌ని పంపిన క్వారీకే దీన్నీ పంపిద్దాం. శాలిని."

మేఘన రెండుసార్లు చదివింది. ఏడుపు రాలేదు. ఆ ముక్కను నోట్‌ప్యాడ్‌లో వేసి, కంట్రోల్, ప్లస్ కొట్టింది. మళ్లీ కొట్టింది. అక్షరాలు గుమ్మడికాయలంత అయ్యాయి.

పదకొండూ ఇరవై ఆరు. ఇరవై ఏడో నంబరు బ్లాకుతో లారీ వేబ్రిడ్జి ఎక్కింది. కొలతల ప్రకారం ఇరవై టన్నులుండాలి. పదిహేడున్నరే తూగింది. దాని వెనక తూకం కోసం టమాటా లారీ. స్టీరింగు దగ్గర తలకు తువ్వాలు చుట్టుకుని చీఫ్, బాక్సుల మీద కూలీల వేషంలో నలుగురు కమాండోలు.

పదకొండూ ఇరవై ఎనిమిది. నల్ల కారు వచ్చి ఆగింది. తెల్లకోటు వేసుకుని లోమాన్ దిగాడు. లారీ దగ్గరికొచ్చి పెళ్లికూతురి బుగ్గ నిమిరినట్టు బ్లాకును నిమిరాడు.

మేఘన వేళ్లు కీబోర్డు మీదకు లేచాయి. అదే క్షణంలో మెడ వెనక చల్లటి ఇనుము తగిలింది.

"కదలకు," అంది శాలిని. ఆమె చూపు స్క్రీను మీద ఆగిపోయింది. తన మాటలు, తన పేరు, అంతంత అక్షరాల్లో. "ఇది... నేను చెరిపేశానే!"

"నువ్వు చెరిపినావు. కంప్యూటర్ చెరపలా."

"తెలివైనదానివే. ఇదంతా ఎవరికి చూపిద్దామని? ఫోన్ లేదు. నా కేబిన్ వైరు పీకింది నువ్వేనని తెలిసి, బయట నెట్ వైరు నేనూ పీకేసి వచ్చాను."

"ఒక్క మాట చెప్పు. కిషోర్ ఏం తప్పు చేసినాడు?"

శాలిని చిన్నగా నవ్వింది. లారీ కదలడానికి రెండు నిమిషాలుంది, చెబితే పోయేదేముంది అనుకుంది కాబోలు. "ఏ తప్పూ చేయలేదు. అదే వచ్చిన ఇబ్బంది. పన్నెండు రోజుల్లో నన్ను కనిపెట్టేశాడు. తప్పుడు అంకె కొట్టను పొమ్మన్నాడు. రిపోర్టులో ఏదో ఒక తప్పు రాయాలి కదా, మౌస్ అని రాశాను. సరే, ఆ విండో మూసెయ్. మౌస్ లేకుండానే మూయగలవుగా?"

"మూస్తా," అంది మేఘన.

విండోస్. షిఫ్ట్. కుడి బాణం.

ఎదుటి స్క్రీను ఖాళీ అయింది.

"గుడ్ గర్ల్," అంది శాలిని. "ఇప్పుడు ఇరవై టన్నులని కొట్టు."

బయట, కిటికీ అద్దం అవతల, రోడ్డు వైపు తిరిగి ఉన్న స్క్రీను మీద తూకం అంకె మాయమైంది. దాని స్థానంలో గుమ్మడికాయలంత తెలుగు అక్షరాలు వచ్చి కూర్చున్నాయి. లైన్లో ఉన్న డ్రైవర్లు తలలు బయటపెట్టారు. లోమాన్ కూడా చూశాడు. పాపం, వాడికి తెలుగు రాదు. ఏ పండగ శుభాకాంక్షలో అనుకున్నాడో ఏమో, అందరి వైపూ చూసి మర్యాదగా నవ్వి తలూపాడు.

మునిరత్నం మాత్రం కూడబలుక్కుంటూ పైకి చదివాడు. "బ్లాకు ఇరవై ఏడు ఎక్కించాం... కిషోర్‌ని పంపిన క్వారీకే..." అక్కడ ఆగాడు. తనతో అన్నం తిన్న పిల్లోడు. మళ్లీ మొదట్నించి చదివాడు, ఈసారి అరుస్తూ. "రేయ్! ఈత గాదురా! సంపేసినారంటరా వాణ్ణి!"

లారీ స్టార్టయింది. మునిరత్నం ఒక్క గెంతున క్యాబిన్ ఎక్కి, డ్రైవరు చేతికింద నుంచి తాళం లాగేసుకున్నాడు. ఇంజను ఆగిపోయింది. వెనక టమాటా లారీ ముందుకు దూకి వేబ్రిడ్జి దిగే దారికి అడ్డం పడింది. బాక్సులు దొర్లాయి. లోమాన్ కారు వైపు పరిగెత్తబోయి టమాటాల మీద జారి, తెల్లకోటుతో వెల్లకిలా పడ్డాడు. లేచేలోపు చీఫ్ వాడి ఛాతీ మీద కూర్చున్నాడు.

గదిలో శాలినికి తన మాటలు బయట ఎవరో అరుస్తున్నట్టు వినపడ్డాయి. ఒక్క క్షణం కిటికీ వైపు తల తిప్పింది.

మేఘనకు ఆ క్షణం చాలు. కీబోర్డును వైరుతో సహా పెరికి, రెండు చేతులా ఎత్తి ఆ గులాబీ గోళ్ల మీద కొట్టింది. పిస్తోలు ఎగిరి మూలన పడింది. నాలుగేళ్ల రాతిపొడి గదంతా లేచింది. పొడి సర్దుకునేసరికి పిస్తోలు మేఘన చేతిలో ఉంది. శాలిని గోడకు ఆనుకుని దగ్గుతోంది.

కాల్చేయాలనిపించింది. చాలా అనిపించింది. క్వారీ గట్టున తడిబట్టలతో పడుకోబెట్టిన కిషోర్, బీరువాలో లడ్డూల డబ్బా, అన్నీ ఆ వేలి కొసకు వచ్చాయి. ఇక్కడ కాలిస్తే ఎవరూ అడగరు కూడా.

"కాల్చు," అంది శాలిని పళ్లు కొరుకుతూ. "చేతకాదా?"

"చేతనవుతాది," అంది మేఘన. "కానీ ఒకామెకు మాటిచ్చినా. నడువు."

*

ఖైదీలను దారిలో ఎక్కడా ఆపకూడదని రూలు. మధ్యాహ్నం మూడింటికి శాఖ వ్యాన్ నీరుగట్టువారిపల్లెలో పది నిమిషాలు ఆగింది. టైరు చూసుకోవాలన్నాడు చీఫ్. ఎవరూ టైరు వైపు పోలేదు.

శాంతకుమారి శాలినిని కుర్చీలో కూర్చోబెట్టింది. బేడీలు తీయలేదు. తను ఎదురుగా నిలబడింది. అడగాలనుకున్న ప్రశ్న ఇప్పుడు పనికిరాదు. దారిలోనే మేఘన ఫోను చేసి అంతా చెప్పింది.

"నా కొడుకు మౌసు ముట్టుకున్నాడా?"

శాలిని తల దించుకుంది. "లేదు."

"గట్టిగా చెప్పు."

"ముట్టుకోలేదు. అక్కడ మౌసే లేదు."

"ఏం తప్పు చేసినాడు?"

"ఏ తప్పూ చేయలేదు."

శాంతకుమారి గోడ పట్టుకుంది. మేఘన ముందుకు రాబోతే చెయ్యి అడ్డం పెట్టింది. పదకొండు నెలలు తన మీద తను మోపుకున్న నేరం అది. దించుకోవడానికి కాస్త సమయం పట్టింది. తర్వాత కొంగుతో మొహం తుడుచుకుని, ట్రంకుపెట్టె తాళం తీసి, ఒక మౌసు తెచ్చి కంప్యూటరుకు తగిలించి శాలిని కుడిచేతి పక్కన పెట్టింది.

"ఆ ఫైలులో మూడో పేజీ నువ్వే రాసినావంట గదా. మళ్లీ రాయి. ఇప్పుడు సెప్పిందే రాయి."

చీఫ్ ఫైలు తెరిచి ఇచ్చాడు. శాలిని బేడీల చేతులు ఎత్తింది. అలవాటు కొద్దీ కుడిచెయ్యి మౌసు మీదకు పోయింది.

టప్!

చెక్క స్కేలు కణుపుల మీద పడింది. పొద్దున కీబోర్డు పడిన చోటే. శాలిని కెవ్వుమంది. బయట వ్యాన్ దగ్గరున్న కమాండోలు ఉలిక్కిపడ్డారు.

"మౌసు ముట్టుకుంటే ఏమవుతాదో నువ్వే రాసినావు గదమ్మా," అంది శాంతకుమారి. "కొట్టు. ఒక్కో అక్షరం కొట్టు."

శాలిని కొట్టింది. ఆ వాక్యం పూర్తయ్యేలోపు స్కేలు ఇంకో ఆరుసార్లు పడింది. చీఫ్ గోడ మీద క్యాలెండరు చూస్తున్నాడు. మేఘన అన్నీ లెక్కపెట్టింది, ఒక్కటి కూడా ఎక్కువనిపించలేదు. చివరికి స్క్రీను మీద మూడో పేజీ తయారైంది: "ఏజెంట్ కిషోర్ ఏ తప్పూ చేయలేదు. దేశానికి అబద్ధపు అంకె కొట్టనన్నాడు. అతన్ని చంపించింది నేనే."

శాంతకుమారి దాన్ని చదివింది. పెదవులు కదుపుతూ మళ్లీ చదివింది. కళ్లల్లో నీళ్లు, మొహంలో ఎన్నాళ్లకో ఒక తెరిపి.

"ప్రింటు తీస్తా," అంటూ చీఫ్ ముందుకొచ్చి చెయ్యి చాచాడు. మౌసుకు ఒక అంగుళం దూరంలో ఆ చెయ్యి ఆగిపోయింది. పక్కన స్కేలు గాల్లోకి లేస్తోంది.

"కంట్రోల్, పీ," అన్నాడు చీఫ్ గబగబా, చెయ్యి జేబులో పెట్టుకుంటూ.